చెట్టు కింద ధ్యానం: కూర్చునే చోటుకు కీడు చేయకుండా సాధన చేసే పద్ధతి

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపూరు వైపు ఉండే తెలుగువాళ్లు ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. కొందరు పది రోజుల విపశ్యన శిబిరం చేసి వచ్చినవాళ్లు. కొందరు చంద్రగిరి దగ్గర టిబెటన్ బౌద్ధుల జీరంగ్ మఠం చూసి వచ్చి, ధ్యానం మీద మనసు పడినవాళ్లు. "ఇంట్లో టీవీ, పిల్లలు, ఫోన్ మధ్య కుదరడం లేదు. కొండ పక్కనో చెరువు గట్టునో కూర్చోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?" అంటారు. దాని వెనకే ఇంకో ప్రశ్న: "తీరా వెళ్తే సీసాలు, గుట్కా ప్యాకెట్లు. కళ్లు మూసుకోవాలా, చెత్త ఏరాలా?"

రెండూ చేయాలి. కాకపోతే వరస ముఖ్యం. ముందు కూర్చోవాలి, తర్వాత చూడాలి, చివర్లో చేయి పెట్టాలి. చెత్తతో మొదలుపెడితే పారేసినవాళ్ల మీద కోపంతో మొదలుపెట్టినట్టే, ఆ కోపం కూర్చున్నాక కూడా వదలదు. అలాగని కూర్చుని, లేచి, దులుపుకుని వెళ్లిపోతే ఆ చోటుతో మనకు ఏ సంబంధమూ మిగలదు.

మీకు ఇప్పటికే ఒక గురువు నేర్పిన పద్ధతి ఉంటే దాన్ని మార్చకండి. కింద నేను శ్వాస, నడక, మైత్రి (ప్రాణులన్నీ సుఖంగా ఉండాలని కోరుకోవడం) అని రాసిన చోట మీ పద్ధతినే పెట్టుకోండి. చోటు, వేళ, చేతిపని గురించి చెప్పినవి మాత్రం అందరికీ వర్తిస్తాయి.

1. చోటు ఎంచుకోవడం

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ధ్యానం అనగానే మహేంద్రగిరి గుర్తొస్తుంది. 1501 మీటర్ల కొండ, మబ్బులు, పాత గుళ్లు. బాగుంటుంది, కానీ ఏడాదికి ఒకసారో రెండుసార్లో వెళ్లగలిగే చోటు సాధనకు పనికిరాదు. పైగా శివరాత్రికి అక్కడ చేరే జనం వదిలేసిన ప్లాస్టిక్ చాలు, ఇంకో గుంపుగా మనమెందుకు?

ఇంటి నుంచి పావుగంట నడకలో ఉండే చోటు వెతకండి. బండి అవసరం కాకూడదు. అందం రెండో సంగతి. ఊరి చెరువు గట్టు మీద మర్రి, పాత మామిడితోపు అంచు, మహేంద్రతనయ ఒడ్డున చదునైన రాయి, బడి వెనక కానుగ చెట్టు, ఏదైనా సరే. ఒకే చోటు, కనీసం ఒక సంవత్సరం. చోట్లు మారుస్తూ పోతే ఏ చోటులో ఏం మారుతోందో తెలియదు. మారేది తెలియనప్పుడు దాన్ని కాపాడడం కూడా ఊహే అవుతుంది.

ఈ సరిహద్దు జిల్లాల్లో తప్పించుకోవాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి.

జీడితోటలు: పండ్ల కాలంలో, అంటే ఎండాకాలమంతా, తెల్లవారుజామున, సందెవేళ ఎలుగుబంట్లు తోటల్లోకి వస్తాయి. పనస పండే చోటా అంతే. కదలకుండా కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి ఎలుగుకు హఠాత్తుగా ఎదురైతే దానికీ భయమే, అందుకే మీద పడుతుంది. ఆ నెలల్లో తోటకు దూరంగా ఉండడమే దాని పట్ల మీరు చూపే దయ.

ఏనుగులు తిరిగే దారులు: గజపతి జిల్లాలో లఖారీ లోయ వైపు, అక్కడి నుంచి కిందికి దిగే చోట్ల ఏనుగులు తిరుగుతాయి. ఈ మధ్య ఎక్కడ కనిపించాయో ఊళ్లోవాళ్లకు తెలుస్తుంది, అడగండి.

దేవతల తోపులు: సవరల ఊళ్లలో, గంజాం పల్లెల్లో కొన్ని చెట్ల గుంపుల్లోకి ఎప్పుడంటే అప్పుడు వెళ్లరు. అవి ఇన్నాళ్లూ నిలిచి ఉన్నాయంటే ఆ కట్టుబాటు వల్లే. మన ధ్యానం కోసం దాన్ని సడలించమని అడగకూడదు.

రిజర్వు ఫారెస్టు: దగ్గర్లోని రేంజ్ ఆఫీసులో అడగకుండా లోపల కూర్చోవద్దు. అంచున ఉన్న పంచాయతీ భూమి చాలు.

ఆడవాళ్లు స్నానం చేసే రేవులు, శ్మశానం, ఉదయం జనం బయటికి వెళ్లే చోట్లు కూడా వద్దు. ఎందుకో వివరంగా చెప్పక్కర్లేదు కదా.

చోటు తేలాక తలెత్తి చూడండి. 2013లో పైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు ఇటు దాటినప్పుడు విరిగినవి విరిగాయి. విరగకుండా చీలిన కొమ్మలు ఆ తర్వాత కూడా రాలుతూనే ఉంటాయి. మీరు కూర్చునే చోటికి సరిగ్గా పైన ఎండుకొమ్మ ఉంటే చోటు మార్చండి, కొమ్మ కొట్టేయకండి. ఎండుకొమ్మ తొర్రలో చిలకలు, మైనాలు గూడు పెట్టుకుని ఉండొచ్చు.

ఖాయం చేసుకునే ముందు:

- ఈ భూమి ఎవరిదో తెలుసుకున్నాను, వాళ్లకు చెప్పాను
- ఊరి పెద్దకో, కాపలా ఉండే మనిషికో నా ముఖం తెలుసు
- పైన ఎండుకొమ్మ, తేనెతుట్టె, ఆకులు కుట్టిన ఎర్రచీమల గూడు లేవు
- చుట్టుపక్కల పుట్ట, బొరియ లేవు
- ఇక్కడ ఫోన్ సిగ్నల్ ఉంది, లేకపోతే ఎక్కడ దొరుకుతుందో తెలుసు
- వానొస్తే ఎటు వెళ్లాలో తెలుసు

అనుమతి గురించి ఒక మాట. "నేనేం చేస్తాను, కూర్చుంటానంతే" అని మనకు అనిపిస్తుంది. ఊరివాళ్లకు మాత్రం ఎవరో కొత్త మనిషి తెల్లారేసరికి చెరువు గట్టున కళ్లు మూసుకుని కనిపిస్తే గుప్తనిధుల కోసమో, చేతబడి కోసమో అనిపించవచ్చు. తెలుగులోనో ఒడియాలోనో రెండు ముక్కలు ముందే చెప్పండి. సవర పల్లె అయితే ఆ భాష తెలిసిన స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లండి.

2. సంచిలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

కావలసినవి కొన్నే:

- మడిచిన పాత దుప్పటి లేదా గోనెసంచి
- నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్ట, సాక్సులు
- స్టీలు సీసాలో నీళ్లు
- చేతికర్ర, చిన్న టార్చి (దారి కోసం మాత్రమే)
- ఖాళీ సంచి ఒకటి, మందపాటి గ్లవ్స్ ఒక జత
- చిన్న నోటుబుక్కు, పెన్సిల్

వద్దనేవి: అగరుబత్తి, కర్పూరం, దీపం, బ్లూటూత్ స్పీకరు, ప్లాస్టిక్ షీటు, తినే ప్యాకెట్లు. అగరుబత్తి గురించి చాలామంది వాదిస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండుటాకుల మధ్య ఒక నిప్పురవ్వ చాలు. గుళ్లో వెలిగించుకోండి, ఇంట్లో వెలిగించుకోండి, అక్కడ వద్దు. మంత్రం పాట పెట్టుకుని ధ్యానం చేస్తామనేవాళ్లు ఇంట్లోనే చేసుకోవడం మేలు. పిట్టలు తమ జతను పిలిచే వేళ, హద్దులు చాటుకునే వేళ కూడా మనం కూర్చునే వేళే.

పాతకాలపు బౌద్ధ భిక్షువుకు సొంతమని ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి. నీళ్లతోపాటు అందులోని చిన్న ప్రాణుల్ని తాగకుండా ఉండడానికి అది. పచ్చటి మొక్కను తుంచకూడదని, గడ్డి మీద, నీళ్లలో ఉమ్మకూడదని, మూత్రం పోయకూడదని కూడా వాళ్లకు నియమాలు ఉన్నాయి. మనం భిక్షువులం కాకపోయినా, ఆ చోట ఉన్న గంటసేపు ఇవి పాటించడం కష్టమేమీ కాదు. ఉమ్మి సంగతి ముఖ్యంగా పాన్ నమిలేవాళ్లకు.

3. ఏ వేళ, ఏ కాలం

చీకట్లో వెళ్లకండి. తెల్లవారి దారి కనిపించాకే బయల్దేరండి. సాయంత్రం అయితే వెలుగు ఉండగానే లేచి వచ్చేయాలి. బ్రహ్మముహూర్తం అని పట్టుబట్టేవాళ్లు ఆ సాధన ఇంటి అరుగు మీద చేసుకుని, వెలుగొచ్చాక చెట్టు దగ్గరికి రావచ్చు.

కార్తీకం నుంచి మాఘం వరకు ఈ ప్రాంతానికి మంచి కాలం. మొదలుపెట్టేవాళ్లు అప్పుడే మొదలుపెట్టండి.

ఎండాకాలంలో గంటను అరగంటకు తగ్గించండి. ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింద ఆకులు తగలబెట్టే నెలలు కూడా అవే. పొగ కనిపిస్తే సాధన ఆపి దిగి రండి.

వానాకాలం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆషాఢ పున్నమి తర్వాత మూడు నెలలు భిక్షువులు ఒకేచోట ఉండిపోవాలని నియమం వచ్చింది ఎందుకంటే, వానల్లో తిరుగుతూ లేత గడ్డిని, చిన్న పురుగుల్ని తొక్కేస్తున్నారని జనం తప్పుపట్టారు. మనకూ అదే సబబు. తొలకరి పడ్డాక నేలంతా మొలకలు, ఆరుద్ర పురుగులు, నత్తలు, కప్ప పిల్లలు. పాములు కూడా బొరియల్లో నీళ్లు నిండి పైకి వస్తాయి. ఈ కాలంలో గట్టు మీద నడిచే దారి దాటి లోపలికి వెళ్లొద్దు. ఇంటి వరండాలో కూర్చుని, వారానికి ఒకసారి చోటును దూరం నుంచి చూసి వస్తే చాలు. సాధన ఆగిపోతుందని టెన్షన్ పడకండి.

అక్టోబరులో ఆకాశవాణి, ఫోన్ హెచ్చరికలు చూసుకోండి. అల్పపీడనం అంటే ఆ వారం చెట్ల కింద కూర్చోవడం లేదని అర్థం.

4. వెళ్లగానే మొదటి ఐదు నిమిషాలు

నిలబడండి. అంతే.

కర్రతో నేల మీద రెండు మూడుసార్లు తట్టండి, ప్రాణి ఏదైనా ఉంటే పక్కకు పోతుంది. కూర్చునే నేలను చూడండి. చీమల బారు ఉంటే రెండడుగులు జరగండి, బారును చెరిపి కూర్చోకండి. దుప్పటి ఎప్పుడూ ఒకే జాగాలో పరచండి. కొత్తగా ఇంకో గడ్డి మడత పడకుండా ఉంటుంది.

ఎండుటాకులు ఊడవకండి. ఇది దాదాపు అందరూ చేసే పని. ఇల్లు ఊడ్చే అలవాటు ఇక్కడా వస్తుంది. ఆ ఆకుల కిందే తేమ, వానపాములు, రేపటి మొలకలు ఉంటాయి. దుప్పటి పరిచే మేర చేత్తో పక్కకు తప్పించి, వెళ్లేటప్పుడు మళ్లీ కప్పేయండి.

ఈ ఐదు నిమిషాల్లో సీసా, ప్యాకెట్ కనిపిస్తాయి. వంగకండి. చూశారు, సరే. అది ఇంకో నలభై నిమిషాలు అక్కడే ఉంటుంది.

5. కూర్చోవడం, 25 నిమిషాలు

ముందు 3 నిమిషాలు ఒళ్లు. కాళ్లు మడిచో, రాయి మీద కాళ్లు దించుకునో కూర్చోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొండిగా పద్మాసనం వేయక్కర్లేదు. నేల గట్టిదనం తగిలే చోట్లు గమనించండి. చెమట, నోట్లో తడి, చెంప మీద ఎండ వెచ్చదనం, ముక్కులో గాలి కదలిక. బౌద్ధ సాధనలో ఒంటిని భూమి, నీరు, అగ్ని, గాలి అనే నాలుగు ధాతువులుగా చూడడం అంటే ఇంత మామూలు విషయమే. లోపలి వెచ్చదనం, బయటి ఎండ అని గీత గీయడానికి ప్రయత్నించి చూడండి, ఎక్కడ గీయాలో తెలియదు. అక్కడ కాసేపు ఉండండి.

తర్వాత 15 నిమిషాలు ఆనాపానం. శ్వాస ముక్కు కొన దగ్గర తగిలే చోట మనసు నిలపండి. పొడవుగా వస్తే పొడవు, పొట్టిగా వస్తే పొట్టి. మార్చవద్దు. మనసు నిలవకపోతే లెక్కపెట్టండి: ఐదుకు తగ్గకుండా, పది దాటకుండా, మళ్లీ ఒకటి నుంచి. ఇది పాత పద్ధతే. లెక్క తప్పితే చిరాకు వద్దు, ఒకటితో మొదలుపెట్టండి.

చివరి 7 నిమిషాలు చెవులు. శ్వాసను వదలకుండా చప్పుళ్లను రానివ్వండి. దగ్గరివి, దూరానివి. ఇక్కడే పెద్ద చిక్కు: "ఇది ఏ పిట్ట?" అని మనసు పేరు వెతుకుతుంది. పేరు తట్టగానే వినడం ఆగిపోతుంది. చప్పుడు మొదలవడం, ఆగడం మాత్రమే చూడండి. పిట్టల పేర్లు తెలుసుకోవడం మంచి పనే, దానికి నోటుబుక్కు ఉంది, తర్వాత.

బయట కూర్చున్నప్పుడు కళ్లు పూర్తిగా మూసుకోవాలనే నియమం లేదు. సగం తెరిచి, చూపు కిందికి దించి ఉంచితే మంచిది. పశువులు, కుక్కలు వచ్చే చోటైతే అదే క్షేమం.

6. దోమలు, చీమలు, నిద్ర, డీజే

దోమ: కొట్టవద్దు, భరించి చూపించాలనీ లేదు. ఒంటిని బట్టతో కప్పండి. ఈ కొండ ప్రాంతాల్లో మలేరియా ఉంది, దోమకాటును తపస్సు అనుకోవడం తెలివితక్కువ. దురద మొదలైతే ఒక నిమిషం దాన్ని చూడండి. అది మంటా, పొడుపా, కదులుతోందా? ఆ తర్వాత గోక్కోవాలనిపిస్తే నెమ్మదిగా, తెలిసి గోక్కోండి.

ఎర్రచీమలు ఎక్కితే లేవండి. అందులో సాధన ఏమీ లేదు.

నిద్ర: తూలుతున్న తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పిన ఉపాయాలు నేటికీ పనిచేస్తాయి. చెవులు లాగి, చేతులతో ఒళ్లు రుద్దుకో. కళ్లు నీళ్లతో కడుక్కుని దూరంగా చూడు. లేచి అటూ ఇటూ నడువు. అప్పటికీ కాకపోతే కాసేపు కుడివైపుకు తిరిగి పడుకో. చెట్టు కింద మాత్రం చివరిది వద్దు, ఇంటికెళ్లి పడుకోండి.

డీజే: పెళ్లిళ్ల కాలంలో ఊళ్లో మైకు తప్పదు. ఆ రోజు శ్వాస వదిలేసి చెవుల సాధన ఒక్కటే చేయండి. పాట మీద కోపం వస్తే, ఛాతీలో ఎక్కడ బిగుసుకుందో చూడండి. ఈ రోజుల్లోనే సాధన నిజంగా నడుస్తుందని నా అభిప్రాయం.

అనుమానం: "నేను సరిగ్గా చేస్తున్నానా?" దీనికి మందు ఒకటే, రేపు మళ్లీ రావడం.

7. నడక, 10 నిమిషాలు

కూర్చున్న చోటి నుంచి ఇప్పటికే ఉన్న కాలిబాట మీద 20 నుంచి 30 అడుగుల నిడివి ఎంచుకోండి. కొత్త బాట వేయకండి.

1. మొదట్లో నిలబడి, పాదాల బరువు తెలుసుకోండి.
2. చూపు నాలుగైదు మూరల ముందు నేల మీద ఉంచండి. దీనివల్ల మనసూ నిలుస్తుంది, పురుగూ బతుకుతుంది.
3. ఎత్తడం, జరపడం, పెట్టడం. ఈ మూడూ తెలిసేంత నెమ్మది చాలు, బొమ్మలా నడవక్కర్లేదు.
4. చివర ఆగండి, తిరగండి, మళ్లీ ఆగండి.

చెప్పులు విప్పాలా? పచ్చిక మీద విప్పితే బాగుంటుంది కానీ గాజుపెంకులు, ముళ్లు ఉన్న గట్టు మీద వద్దు. నడకలో గాజుపెంకు కనిపిస్తే ఒక్కటి మినహాయింపు: పశువుల గిట్టలకు, పిల్లల కాళ్లకు తగిలేది అయితే అప్పుడే పక్కన పెట్టేయండి.

8. మైత్రి, 5 నిమిషాలు

మళ్లీ కూర్చుని లేదా నిలబడే చేయవచ్చు. "అన్ని ప్రాణులూ సుఖంగా ఉండాలి" అని గాల్లోకి అనడం తేలిక, అందుకే అది తగలదు. కనబడినవాటితో మొదలుపెట్టండి. ఈ చీమకు, ఆ గట్టు మీది కొంగకు, నీళ్లలో ఉన్న, నాకు కనిపించని చేపకు, ఈ చెట్టును పట్టుకున్న బదనికకు, మేకలు కాసే అబ్బాయికి, సీసా పారేసిన మనిషికి. చివరివాడి దగ్గర మాట తడబడుతుంది. తడబడితే బలవంతం చేయకండి, రేపు మళ్లీ అక్కడి దాకా రండి.

పాము గురించి ప్రత్యేకంగా అడుగుతున్నారు. ఒక భిక్షువు పాము కాటుతో చనిపోయాక, బుద్ధుడు పాము జాతులన్నిటికీ, కాళ్లు లేనివాటికి, రెండు, నాలుగు, అనేక కాళ్లున్నవాటికి మైత్రి చెప్పడం నేర్పాడని పాళీ గ్రంథాల్లో ఉంది. ఆ పాఠం చివర్లో "ప్రాణులు దూరంగా వెళ్లిపోవుగాక" అని కూడా ఉంటుంది. దయ ఉండాలి, దూరం కూడా ఉండాలి.

కాటు వేస్తే: కదలకుండా ఉండండి, ఉంగరాలు, పట్టీలు తీసేయండి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టండి. గట్టిగా బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే కనుక్కుని ఉండాలి. మంత్రం వేసేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు.

9. చేతిపని, 15 నుంచి 20 నిమిషాలు

ఇప్పుడు చేయి పెట్టండి. నియమం ఒకటే: ఒక రోజుకు ఒక రకం పని. చెత్త ఏరే రోజు చెత్త, నీళ్లు పోసే రోజు నీళ్లు. అన్నీ ఒకేసారి చేద్దామనుకున్నవాళ్లు మూడో వారం నుంచి రావడం మానేస్తారు.

చెత్త: సంచి నిండగానే ఆపండి. మోయగలిగినంతే. గ్లవ్స్ లేకుండా గాజు, సూదులు ముట్టుకోవద్దు. సీసాలు, ప్లాస్టిక్ పాత సామాన్లవాడికి. మిగిలినది బరంపురం, పర్లాకిమిడి లాంటి పట్టణంలో మున్సిపాలిటీ బండికి. అక్కడే కుప్ప చేసి తగలబెడితే చెత్తను పొగగా మార్చి చెట్టుకే తినిపించినట్టు.

వయ్యారిభామ: పూత రాకముందు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో లాగండి. గ్లవ్స్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి, ఒంటికి తగిలితే దురద, కొందరికి ఆయాసం వస్తుంది. పూసిన మొక్కను కదిపితే విత్తనాలు మనమే చల్లినట్టవుతుంది, దాన్ని వదిలేయండి. పులికంప పొదల జోలికి ఒంటరిగా వెళ్లొద్దు, అందులో పిట్టల గూళ్లు ఉంటాయి, పాములూ ఉంటాయి.

గుర్రపు డెక్క: చెరువు అంచున చేతికి అందినంత లాగి, నీళ్లకు దూరంగా ఎండేయండి. చెరువులోకి దిగవద్దు. చేపలు పెంచే కౌలుదారు ఉంటే ముందు ఆయనతో మాట్లాడండి.

మొక్కలు: సంవత్సరానికి ఒకటో రెండో. నేరేడు, కానుగ, ఇప్ప, మద్ది, మారేడు, చింత, రావి లాంటివి, ఆ చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న చెట్ల విత్తనాల నుంచి. సుబాబులు, నీలగిరి వద్దు. తొలకరికి నాటి, మేకలకు అందకుండా ముళ్లకంప కట్టి, రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే బాధ్యత తీసుకోగలిగితేనే నాటండి. ఫొటో కోసం వంద నాటే కార్యక్రమాలు చూశాం. నాటడం కంటే తనంతట తాను మొలిచిన మొక్కకు కంప కట్టడం చాలాసార్లు మెరుగు. ఎవరూ గుంత తవ్వక్కర్లేదు, వేరు అప్పటికే నేల పట్టుకుని ఉంటుంది.

దారి పక్కన చెట్లు నాటించానని, మనుషుల కోసం, పశువుల కోసం బావులు తవ్వించానని అశోకుడు చెక్కించిన మాట గంజాం జిల్లా జౌగడ రాతి మీద ఇప్పటికీ ఉంది. అందులో పశువులను కూడా లెక్కలోకి తీసుకోవడం గమనించండి. ఎండాకాలంలో మీ చోట వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి, పిట్టలు జారకుండా మధ్యలో ఒక రాయి వేయండి. రెండు రోజులకోసారి ఒంపి, కడిగి నింపాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

నోటుబుక్కులో చివరి రెండు నిమిషాలు: తేదీ, నీళ్లు ఎంత వరకు ఉన్నాయి, ఏం పూసింది, ఏ పిట్ట కొత్తగా వచ్చింది, ఈ రోజు మనసు ఎలా ఉంది. ఒక్కో వాక్యం. మనసు గురించి రాసింది, చెరువు గురించి రాసింది ఒకే పేజీలో ఉండనివ్వండి.

10. మంచి అనుకుని చేసే చెడు పనులు

జీవదానం అని బజారులో చేపలు, పిట్టలు కొని వదలడం: ఇది ఆపాలి. కొనేవాళ్లు ఉన్నారని పట్టేవాళ్లు ఇంకా పడతారు. బతికి ఉన్న చేప అని ఆఫ్రికా జాతి మార్పు చేప (క్యాట్‌ఫిష్) కొని చెరువులో వదిలితే అది ఊరి చేపల్ని తినేస్తుంది. ఆ డబ్బుతో వలలో చిక్కిన గాయపడ్డ పిట్టకు పశువుల డాక్టరు దగ్గర వైద్యం చేయించండి.

కోతులకు, చేపలకు బిస్కెట్లు, మరమరాలు: కోతి మనిషి సంచి మీదకు దూకడం నేర్చుకునేది ఇలాగే. ఆ తర్వాత నష్టపోయేది పక్కింటి రైతు.

కృష్ణజింకల దగ్గరికి వెళ్లడం: గంజాం జిల్లా భెట్నయి చుట్టుపక్కల రైతులు వాటిని పొలాల్లో మేయనిస్తారు, తరమరు. మీరు అక్కడ కూర్చోవాలనుకుంటే గట్టు మీదే కూర్చోండి. జింక తల ఎత్తి మిమ్మల్నే చూస్తూ నిలబడిపోయిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరయ్యారు.

చెట్టుకు పసుపు గుడ్డలు, మేకులు, "ధ్యాన స్థలం" అని బోర్డు: బోర్డు పెడితే జనం వస్తారు, జనంతో టీ కప్పులు వస్తాయి.

ఊరివాళ్లకు క్లాసు పీకడం: పోడు చేసే కుటుంబానికి అడవి గురించి చెప్పే ముందు, ఆ కుటుంబం అడవిని మనకంటే ఎంత దగ్గరగా చూస్తుందో ఆలోచించండి. ఏ గెడ్డ ఏ నెలలో ఎండుతుందో వాళ్లను అడగండి, మీ నోటుబుక్కులో రాసుకోండి.

11. సముద్రం ఒడ్డున కూర్చోవాలనుకునేవాళ్లకు

గోపాలపురం, ఛత్రపురం వైపు నుంచి అడిగేవాళ్లు చాలామంది. ఋషికుల్య నది కలిసే చోట, పురుణాబంధ, గోఖరకుద దగ్గరి తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలాదిగా గుడ్లు పెడతాయి. అన్నేళ్లూ వస్తాయని లేదు. సుమారు ఏడు వారాల తర్వాత పిల్లలు రాత్రిపూట ఇసుక లోంచి బయటికి వస్తాయి. అవి వెలుగున్న వైపు పోతాయి. మామూలుగా ఆ వెలుగు సముద్రం మీది ఆకాశం. ఒడ్డున టార్చి వెలిగితే టార్చి వైపు వస్తాయి.

అందుకే జనవరి నుంచి మే దాకా ఆ తీరంలో రాత్రి సాధన వద్దు. పగటిపూట కూర్చోవాలంటే:

- అలల తడి చేరే ఇసుక మీదే నడవండి, పైన పొడి ఇసుకలో గుడ్లు ఉంటాయి
- గొడుగు కర్ర, జెండా కర్ర ఇసుకలో గుచ్చకండి
- తిండి తీసుకెళ్లకండి, దాని వెనక కుక్కలు వస్తాయి, కుక్కలు గూళ్లు తవ్వుతాయి
- పిల్ల తాబేలు కనిపిస్తే ఎత్తి నీళ్లలో వేయకండి, దారి వదలండి. దారి తప్పి రోడ్డు వైపు పోతుంటే అక్కడి అటవీ సిబ్బందికో, ఊరి కాపలా కుర్రాళ్లకో చెప్పండి

ఆ తీరంలో చేపలు పట్టే ఊళ్లలో తెలుగు మాట్లాడతారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా నది ముఖద్వారం దగ్గర వేట నిషేధం వాళ్ల కడుపు మీద పడేది కూడా. తాబేళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుని మాట్లాడండి. మైత్రి చెప్పేటప్పుడు ఆ పడవల వాళ్లను కూడా కలుపుకోండి.

12. తోడు వస్తామంటే

కొన్ని నెలలకు పక్కింటి పెద్దమ్మో, ఆఫీసు స్నేహితుడో "మేమూ వస్తాం" అంటారు. ఇద్దరు ముగ్గురు వరకు ఫరవాలేదు. ఐదుగురు దాటితే గడ్డి లేవదు, మాటలు ఆగవు. అప్పుడు వేరే చెట్టు చూసుకోమనండి, ఈ మార్గదర్శిలో మొదటి భాగం వాళ్లకు చదివి వినిపించండి.

వాట్సాప్ గ్రూపు పెడితే చోటు ఎక్కడో అందులో రాయకండి. ఎవరి చోటు నీళ్లు ఎంత తగ్గాయి, ఏ చెట్టు పూసింది, ఎవరికి ముళ్లకంప కట్టడానికి మనుషులు కావాలి, ఇవి రాసుకోండి. నెలకొకసారి ఒకరి చోటికి మిగతావాళ్లు వెళ్లి అరగంట పని చేసి వస్తే సరిపోతుంది. ఆ రోజు తిండి ఇంటి దగ్గరే తిని బయల్దేరండి.